బస్తా మీద మాట

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్నెవరూ సలహా అడగలేదు. రిటైరయ్యాక అడుగుతున్నారు. మా వైపు నుంచి వెళ్లి కంపెనీల్లో బ్రాండు పనులు చూస్తున్న కుర్రవాళ్లు ఫోన్ చేసి, "ప్రకటనలు చేసే ఏజెన్సీని ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు సార్? ఏడాదికోసారి మార్చేస్తేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారంటున్నారు, నిజమేనా?" అంటారు. నాకు సలహాలు చెప్పడం రాదు. జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇందులో నేను గొప్పగా ఏమీ కనపడను.

నేను పనిచేసింది నరసన్నపేట అవతల, హైవేని ఆనుకుని ఉన్న ఒక రైస్ మిల్లులో. గుమాస్తాగా చేరి అమ్మకాల మేనేజరుగా బయటికొచ్చాను. చాలా ఏళ్లు మేం పేరూ ఊరూ లేని గోనెసంచుల్లోనే బియ్యం అమ్మాం. తర్వాత అందరిలాగే మాకూ బస్తా మీద ఒక పేరు, ఒక బొమ్మ ఉండాలనిపించింది. ఆ పని చేసిపెట్టే మనిషి కోసం విజయనగరం వెళ్లాను.

మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు. ఆవిడకి అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్ల నాన్నగారు గోడల మీద ప్రకటనలు రాసేవారట. ఆ పనినే ఈవిడ కంప్యూటర్ మీదకి తెచ్చుకుంది. ఆవిడ, ఒక ఆర్టిస్టు, ప్రెస్సుల చుట్టూ తిరిగే ఒక పెద్దాయన. ఏజెన్సీ అంటే ఆ ముగ్గురే. అంతకుముందు నేను కలిసిన ఇద్దరు ముగ్గురూ "ఏం రాయాలో మీరే చెప్పండి, వేసిచ్చేస్తాం" అన్నారు. ఆవిడ మాత్రం, "ముందు మీ మిల్లు చూపిస్తారా అన్నయ్యగారూ?" అంది.

వచ్చి రోజంతా తిరిగింది. గోడౌన్లో కప్పు దాకా పేర్చి ఉన్న ధాన్యం బస్తాల ముందు ఆగి, ఇవి ఎందుకిలా ఊరికే ఉన్నాయని అక్కడ బస్తాలు మోసే ముసలి కళాసీని అడిగింది.

"సమ్మచ్చరం ఆగాల తల్లీ," అన్నాడు కళాసీ. "ఆగితేనే అన్నం పువ్వునాగ ఇడతాది. తొందరపడి కొత్తవి వండీసినావనుకో, ముద్దయిపోతాది."

వారం తర్వాత ఆవిడ ఒక బస్తా నమూనా తెచ్చి మా యజమాని బల్ల మీద పరిచింది. దాని మీద రెండే మాటలు: "ఏడాది ఆగాం. ఇక వండుకోండి."

యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేటి, ఇంతేనా? రుచి, శుచి అని ఏటీ రాయనేదేటి?" అన్నారు. కానీ నెల తిరక్కుండా, తానే రాసినట్టు వచ్చినవాళ్లందరికీ ఆ మాట చదివి వినిపించడం మొదలుపెట్టారు.

అలా పన్నెండేళ్లు నడిచింది. బస్తాలు, పోస్టర్లు, ఆటోల్లో మైకు ప్రచారం, అన్నీ ఆవిడే. కోతల రోజుల్లో వాన పడితే చాలు, ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది: "ధాన్యం తడిసిందా అన్నయ్యగారూ? గింజ ఎలాగుంది?" మర్యాదకి అడుగుతోందనుకునేవాణ్ని. మా సరుకు గురించి తెలుసుకోవడం ఆవిడ పనిలో భాగమని నాకు తట్టలేదు. ఏ ధాన్యం కొనాలి, ఏది నిల్వ చేయాలి అని సీజన్ మొదట్లో మిల్లులో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఆ మీటింగుకి ఒక్కసారి కూడా ఆవిడని పిలవలేదు. బయటివాళ్లు కదా అనుకున్నాం.

తర్వాత ఒక ఏడు తుఫాను వచ్చింది. మా గోడౌన్ కప్పు రేకులు ఎగిరి పొలాల్లో పడ్డాయి. మూడు రోజులు ఆగకుండా వాన. ఏడాదిగా దాచిన ధాన్యమంతా తడిసి, వారం తిరిగేసరికి బస్తాల కుట్లలోంచి తెల్లగా మొలకలొచ్చాయి. ఖాళీ సంచుల కట్టలు కూడా బురదలో కలిసిపోయాయి. పాత ధాన్యం బయట కొందామంటే ఎక్కడా లేదు.

మా యజమాని చెడ్డ మనిషి కాదు. వ్యవసాయం చేసి, ఆ మట్టిచేతులతోనే మిల్లు కట్టిన మనిషి. ఆ రోజు గోడౌన్ గుమ్మంలో నిలబడి, మొలకెత్తిన గింజనొకదాన్ని వేళ్లతో నలిపారు. తర్వాత, "కొత్త ధాన్యం ఆడించీ. ఆవిరి పట్టిస్తే పాతదాన్నాగే ఉడుకుతాది. ఎవుడికి తెలుస్తాది?" అన్నారు.

ఆవిరి పట్టిస్తే కొత్త బియ్యం కాస్త పొడిపొడిగా ఉడుకుతాయన్నది నిజమే. ఆ కాస్త నిజాన్ని పట్టుకుని నేను కూడా సరే అనుకున్నాను. కొత్త సంచులు అచ్చు వేయించాలి కాబట్టి విజయనగరం ఫోన్ చేసి, పాత డిజైనే మళ్లీ ప్రెస్సుకి పంపమన్నాను.

"పాత ధాన్యం మిగిలిందా అన్నయ్యగారూ?" అంది ఆవిడ.

"ఆ సంగతి మీకెందుకమ్మా?"

"అయితే ఆ మాట తీసేసి పంపుతాను. పేరు, బొమ్మ ఉంటే చాలు కదా," అంది.

"తీసేస్తే అందరూ ఏమైందని అడగరా? ఉంచండి. అయినా అది మీరు రాసిన మాటే కదా."

"నేనే రాశాను. నిజమని రాశాను."

నాకు కోపమొచ్చింది. "చూడండమ్మా, పైన రాయడం మీ పని. లోపల ఏం పోస్తామన్నది మా పని," అన్నాను.

"లోపల ఏముందో పట్టించుకోకుండా పైన రాయడం నాకు చేతకాదండీ," అని ఫోన్ పెట్టేసింది. మర్నాడు ఆ మాట లేని డిజైను, దాంతోపాటు నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చాయి. ఈ ఏడాది ఆ మాట వాడటం సరికాదని, వాడేటట్టయితే తాను ఈ పని చేయలేనని.

యజమానికి చూపించాను. "పన్నెండేళ్లు మనం పనిస్తే మనకే నీతులు సెప్తన్నాదేటి? ఇశాపట్నంలో ఏజెన్సీలు నేవా?" అన్నారు. ఆ ఉత్తరం నా సొరుగులోకి వెళ్లింది.

విశాఖపట్నంలో ఏజెన్సీలున్నాయి. అద్దాల గది, మంచి కాఫీ, గోడ మీద వెలుగులో కదిలే బొమ్మలు. చక్కగా మాట్లాడారు. మా మాటని ఇంకా పెద్దది చేసి, బంగారు రంగులో వేసిచ్చారు. వాళ్లని నేను తప్పుపట్టను. ధాన్యం సంగతి వాళ్లడగలేదు, మేం చెప్పలేదు. ఎంత హాయిగా పని జరిగిపోయిందో అనుకుంటూ తిరిగొచ్చాను.

బస్తాలు కొట్లకి చేరిన నెల్లాళ్లకి కోటబొమ్మాళి డీలరు నుంచి ఫోన్. ఆయన మా యజమానికి వరసకి బావ. "మేనేజరూ, నువ్వెక్కడున్నా బయల్దేరి వచ్చీ. ఇక్కడ ఒకావిడ నా కొట్టు ముందు కూకున్నాది, లెగనంటన్నాది."

వెళ్లేసరికి కొట్టు ముందు యాభై ఏళ్ల మనిషి, పక్కన ఒక స్టీలు గిన్నె. సముద్రపొడ్డు ఊరి మనిషి. చేపల వ్యాపారం చేస్తుంది. కొడుకు కొత్త బోటుని నీళ్లలోకి దించిన రోజున ఊరందరికీ భోజనాలు పెట్టిందట. దానికి నాలుగు బస్తాలు మావే కొంది. ఏడాది ఆగిన బియ్యమని బస్తా మీద ఉంది కాబట్టి వంటవాళ్లు ఎసరు నిండుగా పెట్టారు. గుండిగల నిండా సంకటి తయారైంది.

ఆమె గిన్నె మూత తీసి నా ముందు పెట్టింది. "తిను బాబూ."

చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు తిననేవు. మా ఊరోళ్లు తిన్నారు. ఇస్తరి ముందు కూకున్నాక లెగనేక తిన్నారు. ఇరవయ్యేళ్లు సేపల గంప మోసి కొన్న బోటది. ఆ దినమే నన్ను నలుగుర్లో నవ్వులపాలు సేసినారు. ఏడాది ఆగినారా మీరు? నిజిం సెప్పు."

చుట్టూ జనం పోగయ్యారు. డీలరు నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "అది మేం రాసింది కాదమ్మా. ప్రకటనలు చేసేవాళ్లు రాసేశారు. మేం చూసుకోలేదు."

"అంటే ఆ విజయనగరం మేడమా?" అన్నాడు డీలరు.

ఆ మాట ఆవిడదేనని డీలర్లందరికీ తెలుసు. ఆవిడ ఇప్పుడు మాతో లేదని ఎవరికీ తెలియదు. కాదు అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. నేను అనలేదు. నలుగురి ముందు కిందకి చూశాను. ఆ చూపుని అవునని అర్థం చేసుకున్నారు. అర్థం చేసుకోవాలనే చూశాను.

డీలర్ల మధ్య మాట ఎంత వేగంగా పోతుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. పదిహేను రోజుల తర్వాత ఆవిడ బస్సు దిగి మా ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"శ్రీకాకుళంలో నేను పనిచేసే స్వీట్ల షాపు వాళ్లు నిన్న పిలిచారు అన్నయ్యగారూ. మా డబ్బాల మీద కూడా ఇలాగే లేనిపోనివి రాశారేటమ్మా అని అడిగారు. ఏ మాటైతే రాయనన్నానో అదే నా పేరు మీద తిరుగుతోంది."

"నేను వాళ్లతో మాట్లాడతానమ్మా. ఫోన్ చేస్తాను," అన్నాను.

"వాళ్లతో కాదు. ఎక్కడ మొదలైందో అక్కడ చెప్పండి. మీ డీలర్లకి చెప్పండి."

అంతకంటే ఏమీ అడగలేదు. తిట్టలేదు, ఏడవలేదు. తాను రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంటుందని ఆవిడకి తెలుసు. దాన్ని కూడా చూపించమనలేదు. వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

అప్పటికి అన్ని వైపుల నుంచీ ఫిర్యాదులొస్తున్నాయి. యజమాని డీలర్లందరినీ నరసన్నపేటలో ఒక కల్యాణమండపానికి పిలిచారు. నేనేం చదవాలో ముందే రాయించి ఇచ్చారు. ఏజెన్సీ పొరపాటు వల్ల ఇలా జరిగింది, వాళ్లని తీసేశాం, ఇక ముందు జాగ్రత్తగా ఉంటాం. కాగితం ఇస్తూ, "ఇది సదివీ, భోజనాలెట్టీ, పంపీ," అన్నారు.

ముందురోజు మధ్యాహ్నం విజయనగరం ఫోన్ చేసి, రేపు ఈ మీటింగుకి రండి అని మాత్రం చెప్పాను. ఆ ఫోన్ చేసేటప్పుడు కూడా నేనేం చదువుతానో నాకు తెలియదు. నిజాయితీగా చెబుతున్నాను. ఆవిడ ఎదురుగా ఉంటే అబద్ధం చదవలేనేమో అన్న ఆశ ఒకటుంది. నా మీద నాకు నమ్మకం లేక ఆవిడని పిలిచానన్నమాట.

వచ్చింది. చివరి వరసలో, ప్రెస్సుల పెద్దాయన పక్కన కూర్చుంది. నేను మైకు దగ్గరికి వెళ్లి కాగితం తెరిచాను. మొదటి వాక్యం చదివాను. "మన బస్తాల మీద మాటకి సంబంధించి..." అన్నంతవరకు. తర్వాత వాక్యంలో ఏజెన్సీ అన్న పదముంది. అక్కడ ఆగిపోయాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ మాట ఈ ఏడాది వాడొద్దని విజయనగరం మేడమ్ చెప్పింది. ఉత్తరం కూడా రాసింది. నా దగ్గరుంది. ఆవిడని కాదని, వేరేవాళ్లతో వేయించింది నేను. లోపల కొత్త బియ్యమని తెలిసే వేయించాను," అన్నాను.

కోటబొమ్మాళి డీలరు లేచాడు. "మరి మొన్న నా కొట్టుకాడ నువ్వేటన్నావు?"

"అబద్ధం ఆడాను."

"ఆ మనిషి ముందర కూడానా?"

"ఆమె ముందరే."

హాలంతా ఒక్కసారి గొంతు చేసుకుంది. వేదిక మీద ఉన్న యజమాని లేచి, నావైపు చూడకుండా పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయారు. ఇక ఉద్యోగం పోయిందనుకున్నాను. డీలర్లు మైకు చుట్టూ మూగి అరుస్తున్నారు. చాలాసేపటికి ఆయన తిరిగొచ్చారు. మొహం కడుక్కున్నట్టున్నారు, చొక్కా ముందంతా తడిసి ఉంది. నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"అమ్మనివన్నీ ఎనక్కి పంపీయండి. కొన్నోళ్లు ఎవులైనా తెస్తే అవీ తీసుకోండి. సెప్పింది నిజిమే," అన్నారు. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయనకి అలవాటు లేదు.

ఆ తర్వాత మూడు నెలలు నాతో నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే గుమాస్తాతో, "మేనేజరు గారికి సెప్పు, లారీ వచ్చినాదని," అనేవారు. నేనూ గుమాస్తాకే జవాబు చెప్పేవాణ్ని. మా మధ్య పడి ఆ గుమాస్తా చిక్కిపోయాడు. చివరికి ఒక రోజు యజమాని నావైపే తిరిగి, గొంతు సవరించుకుని, "ఆ అమ్మని రమ్మను. వస్తాదో రాదో," అన్నారు.

వచ్చింది. ఆవిడ రేటు పెంచమంటుందని, ఇన్నేళ్లకి ఒప్పందం కాగితం రాయమంటుందని అనుకున్నాం. ఆవిడ అడిగింది వేరు. ధాన్యం కొనేటప్పుడు తననీ కూర్చోబెట్టమంది. బియ్యం మారితే అందరికంటే ముందు తనకి చెప్పమంది. తర్వాత నావైపు తిరిగి, "ఏదైనా రాసేముందు ఆ బోటు వాళ్లింటికి వెళ్లొద్దాం పదండి," అంది.

ఇద్దరం వెళ్లాం. నేను ఒక బస్తా మంచి బియ్యం కారులో వేసుకున్నాను. ఆమె గుమ్మంలోకి వచ్చి బస్తా చూసి, "దించకు. తిరిగి తీసుకుపో," అంది. కానీ కూర్చోమంది, టీ ఇచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ రోజు కొట్టు దగ్గర అబద్ధమాడానని, రాయనన్న మనిషి ఈవిడేనని. ఆమె ఆవిడని ఎగాదిగా చూసింది.

"నువ్వు రాయనన్నావా? మంచిపని సేసినావు," అంది. తర్వాత నాతో, "బాబూ, మాం సేపలు అమ్ముతాం. ఈ పొద్దు పట్టినవి ఈ పొద్దువంటాం. నిన్నటివి నిన్నటివంటాం. నిన్నటివీ కొంటారు. రేటు తగ్గించి, పులుసు ఇలగెట్టుకోండని సెప్తే ఎందుకు కొనరు? దానికి అబద్ధమెందుకు?" అంది.

తిరుగు దారిలో ఆవిడ చేతిసంచిలోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుంటూ కూర్చుంది. రెండు రోజుల్లో కొత్త బస్తా వచ్చింది. బంగారు రంగు లేదు. దాని మీద ఇలా ఉంది: "ఈ ఏడు మా దగ్గర పాత బియ్యం లేవు. ఇవి కొత్తవి. నీళ్లు తగ్గించి వండండి."

యజమాని చదివి, "ఇలగ రాసి లోకంలో ఎవుడైనా అమ్ముతాడేటి?" అన్నారు. కానీ వద్దనలేదు.

ఆ బస్తాతో మేం ఊరంతా గెలిచేశామని చెబితే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. ఆ ఏడాది అమ్మకాలు పడిపోయాయి. కొందరు డీలర్లు వేరే మిల్లుకి వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఎప్పుడూ మావే కొనేవాళ్లు చాలామంది మొహం చాటేశారు. కోటబొమ్మాళి డీలరు మాత్రం ఆ బస్తాని కొట్టు ముందు వరసలో నిలబెట్టి, వచ్చినవాళ్లకి గట్టిగా చదివి వినిపించేవాడు. నవ్వుతూ చదివేవాడు. కొందరు నవ్వుతూనే కొన్నారు. రెండేళ్లకి గోడౌన్లో మళ్లీ పాత ధాన్యం నిలిచింది. అప్పుడు గానీ పాత మాట బస్తా మీదకి ఎక్కడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

మీరు ఏజెన్సీని ఎన్నాళ్లు ఉంచుకోవాలని అడుగుతారు. మా విషయంలో పన్నెండేళ్లు ఉంచుకున్నాం, ఒక్క ఫోన్లో పోగొట్టుకున్నాం. ఆ పన్నెండేళ్లూ ఆవిడ మాతో ఉంది గానీ, మేం ఆవిడతో లేమని నాకు ఆలస్యంగా తెలిసింది. మనకి నచ్చింది రాసిచ్చినన్నాళ్లూ మనవాళ్లే అంటాం. వద్దని చెప్పిన రోజున బయటివాళ్లయిపోతారు. వద్దని చెప్పడానికే వాళ్లు బయటుండాలేమో. మిల్లులో జీతం తీసుకునే మేమెవరం ఆ మాట అనలేకపోయాం మరి.

ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. మళ్లీ కలిసి పనిచేయడం మొదలుపెట్టాక, బస్తా అయినా కరపత్రమైనా, నేను కాగితం పంపగానే ఆవిడ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేది: "ఇది నిజమేనా అన్నయ్యగారూ?" కోపం లేకుండా, టీ తాగుతారా అన్నంత మామూలుగా అడిగేది. మొదట్లో ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నా చెవులు వేడెక్కేవి. అవునమ్మా అనేవాణ్ని. అప్పుడు పని మొదలుపెట్టేది. అలా నాలుగేళ్లు ఏ ఒక్కసారీ అడగకుండా ఉండలేదు. నేనూ అలవాటు పడ్డాను.

నా రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, చిన్న సంచి ఒకటి కొత్తగా తెస్తూ వివరాలు పంపాను. సాయంత్రానికి డిజైను వచ్చేసింది. ఫోన్ రాలేదు. మర్చిపోయిందేమోనని కాసేపు ఎదురుచూశాను. ఆవిడ మర్చిపోయే మనిషి కాదు. అడగడం మానేసిందని అప్పుడర్థమైంది. సంతోషపడాల్సిన విషయమే. నాకు మాత్రం కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి మిల్లులోకి వెళ్లి, ఆ లాటులోంచి గుప్పెడు బియ్యం తీయించి, క్యాంటీన్లో నా ఎదురుగానే వండించుకుని తిన్నాను. ఆ తర్వాతే ప్రెస్సుకి సరే అని చెప్పాను.